చెరువు కట్ట దిగాక

జనవరి, ఆదివారం

పిట్టల్ని చూద్దామని నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి ఎక్కేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, బైనాక్యులర్ మెడకు బరువు తప్ప దేనికీ పనికిరాలేదు. చాలాసేపు చెవులకే పని. బొల్లికోళ్లు నీటి మీద పరుగు తీస్తున్న చప్పుడు, ఎక్కడో తీతువు అరుపు. మాతో వచ్చిన లెక్కల సారుకు ఇది గిట్టదు, ఆయనకు అంకె కావాలి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మన దేశంలో 1987 నుంచీ సాగుతోందనీ, మన చెరువుల లెక్క కూడా అందులో చేరాలనీ ఆయన పట్టుదల. కనబడని పిట్టను ఏ గడిలో రాయాలని గొణుక్కుంటూ ఫ్లాస్కు మూత తీశారు.

మంచు విడిపోయాక చూస్తే చెరువు నిండుకుండ. సూదితోక బాతుల గుంపు నడినీటిలో ముక్కులు వీపుల్లో దూర్చుకుని నిద్రపోతోంది. వాటిని లేపి పేర్లు అడగలేం కదా. ఇక కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన మిత్రుడు అందుకున్నాడు. "కోరంగి మడ అడవుల వైపు అయితే సముద్రపు పోటు వేళ చూసుకుని వెళితే చాలు సార్. నీళ్లు బురదమేటల్ని ముంచుకొస్తుంటే అక్కడ బురదలో పురుగులు ఏరుకుంటున్న ఉల్లంకి పిట్టలన్నీ ఒడ్డుకు జరుగుతాయి. మనం కదలకుండా కూర్చుంటే సరి. మీ చెరువుకు ఆటూ లేదు, పోటూ లేదు."

ఈ కోస్తా పాట ప్రతి వారమూ వినేదే. కానీ విషయం ఉన్న మాట. పొట్టికాళ్ల పిట్టలకు చీలమండ లోతు బురద కావాలి. ఇక్కడేమో పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా వచ్చి చేరుతుంటాయి. వేరే చెరువుల అంచులు ఆరుతున్న రోజుల్లో కూడా ఇది రాతికట్టు దాకా నిండి ఉంటుంది. బాతులకు బాగు, ఉల్లంకులకు కాదు.

అయితే ఆ నీళ్లే తూముల గుండా కిందికీ పోతాయి. కట్ట దిగి పొలాల్లోకి వెళదామన్నాను. సారు సందేహించారు, మడికట్ల మీది పిట్టలు చెరువు లెక్కలోకి వస్తాయా అని. వచ్చినా రాకపోయినా నడుద్దామన్నాను.

యాసంగి నాట్ల కాలం. ఒక మడిలో ట్రాక్టరు కేజ్‌వీల్స్‌తో దమ్ము చేస్తోంది. దాని వెనకే తెల్లకొంగలు, పెళ్లి ఊరేగింపు వెనక పిల్లల్లా, తోసుకుంటూ ఎగబడుతున్నాయి. అవి అందరూ చూసేవే. మా కళ్లు ట్రాక్టరు అప్పటికే వదిలేసిన పక్క మడి మీద నిలిచాయి. చక్రాల చాళ్లలో నీళ్లు తేరుకున్నాయి. ఆ చాళ్లలో ఉల్లంకులు. మేం గట్టు మీద గొంతుక్కూర్చున్నాం.

ఒకటి మాకు చాలా దగ్గరగా వచ్చింది. గోధుమ రంగు వీపు నిండా తెల్ల చుక్కలు, కంటి పైన తెల్లటి గీత, పసుపు ఛాయ కాళ్లు. నాలుగడుగులు వేయడం, ముక్కు సగం దాకా దించడం, వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపడం. సన్నటి ఎర్ర పురుగు ఒకటి దొరికితే బురదలోంచి సాగదీసి లాగింది. అది ఒక్కసారిగా రాకపోతే ఆగి, పట్టు మార్చుకుని మళ్లీ లాగింది. సైబీరియా అడవుల్లో, ఉత్తర ఐరోపా చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టే జాతి ఇది. చలికాలం తిండికి నల్లగొండ దుక్కి దాకా రావడం ఎంత దూరాభారమో! కాకినాడ మిత్రుడు మాట్లాడడం మానేశాడు. అది మాకు అదనపు లాభం.

మడి యజమాని వచ్చి ఏం వెతుకుతున్నారని అడిగాడు. చూపిస్తే నవ్వి, ఇవి తన నారు జోలికి రావనీ, రాత్రిపూట దిగే బాతులతోనే గొడవనీ చెప్పాడు. నాట్లు పడి పైరు పచ్చబడితే ఈ పిట్టలు ఇక్కడ ఉండవట. "రేపు బుధవారం కింది మడికి ట్రాక్టరు వస్తుంది సారూ. పొద్దున్నే వస్తే చూసుకోవచ్చు."

కాకినాడ మిత్రుడు వెంటనే ఆయన ఫోను నంబరు రాసుకున్నాడు. బుధవారం ఎవరికి సెలవు దొరుకుతుందన్నదే ఇప్పుడు సమస్య. సారుకు మొదటి పీరియడే పదో తరగతి.