కింది స్థాయి టోర్నీల టెన్నిస్ చూడండి ఒకసారి

టెన్నిస్ అంటే మనకి గ్రాండ్‌స్లామ్‌లే గుర్తొస్తాయి కానీ నాకైతే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) నడిపే చిన్న టోర్నీల స్కోర్లు చూడటం ఇంకా ఇష్టం. మగాళ్ళలో అన్నిటికంటే కింద ఉండేది ఎం15, అంటే మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు, అదీ సింగిల్స్, డబుల్స్ వాళ్ళందరికీ కలిపి. మొదటి రౌండ్‌లో ఓడినోడికి వచ్చేది ఫ్లైట్ టికెట్‌కి కూడా చాలదు. బాల్ బాయ్స్ ఉండని కోర్టులు బోలెడు, పాయింట్ అయ్యాక బంతి వీళ్ళే ఏరుకోవాలి, కోచ్‌ని తీసుకెళ్ళే స్తోమత లేక ఒంటరిగా తిరిగేవాళ్ళే ఎక్కువ.

అక్కడ నెగ్గుతూ పోతే ఆ పై మెట్టు టోర్నీలు, వాటిని ఛాలెంజర్‌లు అంటారు, 50 నుంచి 175 దాకా, ఆ నంబర్ ఏంటంటే గెలిచినోడికి వచ్చే ర్యాంకింగ్ పాయింట్లు. అసలు నరకం ఏంటంటే ఆ పాయింట్లు 52 వారాలే ఉంటాయి, పోయినేడు గెలిచినవి ఈ ఏడు మళ్ళీ సంపాదించకపోతే ర్యాంక్ జారిపోతుంది, మధ్యలో గాయమైతే ఇక చెప్పక్కర్లేదు.

మన దేశపు ఆటగాడు సుమిత్ నాగల్‌నే తీసుకోండి. 2023లో తన బ్యాంక్ ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు, వింటే గుండె తరుక్కుపోయింది. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడు క్వాలిఫైయింగ్ (అర్హత) మ్యాచ్‌లు నెగ్గి మెయిన్ డ్రాకి, అంటే అసలు టోర్నీకి వచ్చి, 31వ సీడ్ బుబ్లిక్‌ని వరస సెట్లలో కొట్టాడు, ఆ తర్వాత నెలలోనే చెన్నై ఛాలెంజర్ గెలిచి టాప్ 100లోకి వెళ్ళాడు. ఛాలెంజర్ మ్యాచ్‌లు ఏటీపీ (మగాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే సంస్థ) వాళ్ళు ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూపిస్తారు, ఖాళీ దొరికితే ఒక క్వాలిఫైయింగ్ మ్యాచ్ పెట్టుకుని చూడండి.