అందరూ మేరీలే, అందరూ జోసెఫులే

నాతో పనిచేసి రిటైరైన పెద్దాయన ఇంటిపేరు గ్రీన్‌వుడ్. ఉండేది అమెరికాలో, మసాచుసెట్స్ లోవెల్‌లో. "మాది అసలు గ్రీన్‌వుడ్ కాదు, బ్వావేర్. మా ముత్తాత కెనడాలోని క్యూబెక్ నుంచి బట్టల మిల్లులో పనికొచ్చాడు" అని ఎన్నిసార్లు చెప్పాడో. అక్కడ మాట్లాడే ఫ్రెంచిలో బ్వా అంటే చెక్క, వేర్ అంటే పచ్చ. మిల్లు ఊరికొచ్చాక పేరుని అలాగే ఇంగ్లీషులోకి దింపేసుకున్నారు. లెబ్లాన్లు వైట్లయిందీ ఇలాగే. 1840-1930 మధ్య అటునుంచి దాదాపు 9 లక్షల మంది అమెరికాకి వచ్చేశారు.

అక్టోబరులో ఒక శుక్రవారం వాళ్ల పూర్వీకుల్ని వెతకడానికి ఇద్దరం కారులో క్యూబెక్ నగరానికి బయల్దేరాం. ఎర్రబడ్డ మేపుల్ చెట్ల సంగతి చెప్పను, ఆ ఫొటోలు మీరందరూ చూసేశారు.

పాత రికార్డులుండేది లవాల్ యూనివర్సిటీ ఆవరణలోని కజో భవనంలో. మావాడు ముత్తవ్వ కోసం 'బ్వావేర్' కింద రెండు గంటలు వెతికాడు. ఒక్క చీటీ దొరకలేదు. చివరికి కౌంటర్లో ఉన్నావిడ వచ్చి నవ్వింది. "పెళ్లయినావిడ ఇక్కడ మొగుడి పేరు మీద దొరకదు. పుట్టింటి పేరేమిటి?" చర్చి రిజిస్టర్లలో ఆడవాళ్లు పుట్టినప్పటి పేరుతోనే పెళ్లాడతారు, ఆ పేరుతోనే పోతారు. 1981 నుంచైతే చట్టమే అలా ఉంది, పెళ్లయినా పుట్టింటి పేరే.

ఇంకో చిక్కు, పేర్లన్నీ ఒకటే. మగపిల్లాడైతే ముందు జోసెఫ్, ఆడపిల్లయితే మేరీ. తర్వాత, బాప్తిస్మంలో బిడ్డకి అండగా నిలబడే జ్ఞానపితదో జ్ఞానమాతదో పేరు. ఇంట్లో పిలిచేది చాలాసార్లు చివరిది. మొదటి పేరు పట్టుకుని పోతే గోదాట్లో దూకినట్టే.

తెర మీద ఒక బాప్తిస్మం పేజీ తెరిచారు. సిరా గోధుమ రంగుకి దిగింది, అక్షరాలు కుడివైపుకి వాలి ఉన్నాయి. బిడ్డ నిన్న పుట్టింది, ఇవాళ బాప్తిస్మం. తండ్రి, తల్లి, సాక్షుల పేర్లు. చివర, సంతకం పెట్టడం రాదన్నారు అని పాదిరీ ఒక ముక్క రాశాడు. ఆవిడ చదివి వినిపిస్తుంటే మావాడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాపం, ఇంటిపేరు దగ్గర అడ్డం పడ్డాడు. 'దెనెవేర్ దీ బ్వావేర్' అని ఉంది మరి. 'దీ' అంటే 'అనబడే'. ఒకే ఇంట్లో ఒకడు దెనెవేర్‌గా, ఇంకొకడు బ్వావేర్‌గా మిగలొచ్చు. ఈ అలవాటు సైన్యంలో బాగా ఉండేది. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కరిన్యాన్-సాలియేర్ దళం సైనికుల్లో చాలామందికి మారుపేర్లే. లాఫ్లర్ అంటే పువ్వు. వాద్‌బోంకర్ అంటే 'మంచి మనసుతో వెళ్లు'. తుపాకి పట్టినవాడికి ఎంత ముద్దుపేరో!

నాకు నచ్చింది ఇంకోటి. 1640లో క్యూబెక్ చర్చి తగలబడి రిజిస్టర్లు బూడిదయ్యాయి. ఆ పేజీలు మనుషుల జ్ఞాపకం మీద మళ్లీ రాశారు. తర్వాత రోజుల్లో ప్రతి పుస్తకానికీ రెండు ప్రతులు పెట్టారు, ఒకటి చర్చికి, ఇంకోటి కోర్టుకి. పిల్లకాయల పుట్టుకకి ఇంత కాగితమా అనిపించింది నాకు.

మర్నాడు నగరం పక్కనే నదిలో ఉన్న ఓర్లియాన్ ద్వీపం. 1935లో వంతెన వచ్చేదాకా పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నదే గతి. అక్కడి సాంత్-ఫామీ ఊళ్లో మూడు గంటగోపురాల చర్చి పక్కన, ద్వీపంలో కాపురం పెట్టిన తొలి కుటుంబాల పేర్లు చెక్కి ఉన్నాయి. మావాడి పేరు లేదు, అతనేం చిన్నబుచ్చుకోలేదు. రోడ్డు పక్క దుకాణంలో ఆపిల్స్ కొన్నాడు, నాకూ ఒకటిచ్చాడు.

ఆ రాత్రి హోటల్ నుంచి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది, కాఫీ తాగుతున్నారు.

"నాన్నా, నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి?"

టకీమని చెప్పారు.

"మరి వాళ్లమ్మది?"

గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"అది మీ పెద్దత్తకి తెలియాల్రా."

"పోనీ, ఆవిడ పేరు?"

"పేరంటే... మేం అమ్మమ్మ అనేవాళ్లం."