వైర్‌లెస్ మౌస్ కొనే ముందు స్కేలు తీయండి

మౌస్ డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది డీపీఐ. కొనేటప్పుడు అన్నిటికన్నా తక్కువ పట్టించుకోవాల్సిందీ అదే. మౌస్‌ని ఒక అంగుళం జరిపితే కర్సర్ ఎన్ని చుక్కలు దాటుతుందో చెప్పే లెక్క అది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆఫీసు పనికి 800 నుంచి 1600 మధ్య ఏదైనా హాయిగా సరిపోతుంది. 4కె తెర అయితే ఇంకాస్త పెంచుకుంటారు, అంతే. 16,000 ఉంది కదా అని ఎక్కువ డబ్బు పెట్టకండి.

ముందు చూడాల్సింది చేతికి అమరుతుందా లేదా అని. మణికట్టు దగ్గరి మడత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలవండి. అందులో 60 శాతం దగ్గర్లో మౌస్ పొడవు ఉంటే చాలామందికి కుదురుతుంది. అంటే 18.5 సెం.మీ. చేతికి 11 సెం.మీ. మౌస్. ఇది మోటు లెక్కే, పట్టుకునే తీరును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అరచేయి మొత్తం మౌస్ మీద వాల్చే అలవాటుంటే పొడవుగా, వెనకభాగం ఎత్తుగా ఉన్నది కావాలి. వేళ్ల కొసలతోనే కదిపేవాళ్లకు పొట్టిగా, తేలిగ్గా ఉన్నది బాగుంటుంది. వేళ్లు వంచి, అరచేతి మడమ మాత్రమే ఆనించేవాళ్లు ఈ రెండింటికీ మధ్యలో చూసుకోవాలి.

బ్యాగులో పడేసుకోవడానికి బాగుంటుందని 10 సెం.మీ. లోపు చిన్న మౌస్ కొని, దాంతోనే రోజూ ఎనిమిది గంటలు పనిచేసేవాళ్లు చాలామంది. పెద్ద చేతి కింద దాన్ని ఒకసారి గమనించండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు పక్కకు జారి బల్లకు రాసుకుంటుంటాయి. మౌస్ జారిపోకుండా బొటనవేలు బిగుసుకుని ఉంటుంది. సాయంత్రానికి ముంజేయి లాగేస్తోందంటే చాలావరకు ఆ బిగింపే కారణం.

బరువు సంగతి కూడా చేతి అలవాటుతోనే తేల్చుకోవాలి. లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ 141 గ్రాములు. చేయి వాల్చి, పొడవాటి పత్రాలు, ఎక్సెల్ షీట్లు తిప్పేవాళ్లకు అది మంచి మౌస్. మాటిమాటికీ మౌస్ ఎత్తి పెట్టేవాళ్లకు మాత్రం భారమే. లాజిటెక్‌దే జీ305 అయితే ఏఏ పెన్సిల్ సెల్‌తో కలిపి 99 గ్రాములు. మామూలు ఆల్కలైన్ సెల్ ఒక్కటే సుమారు 23 గ్రాములు ఉంటుంది. దాని బదులు 15 గ్రాముల లిథియం ఏఏ వేస్తే వెనకవైపు బరువు తగ్గినట్టు చేతికే తెలుస్తుంది. మణికట్టు మెలి తిరిగినట్టు నొప్పి పెడుతుంటే నిలువు మౌస్ ప్రయత్నించవచ్చు. లాజిటెక్ లిఫ్ట్ చేతిని 57 డిగ్రీల కోణంలో, కరచాలనం ఇస్తున్నట్టు ఉంచుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు అందులోనే వేరే మోడల్ ఉంది. కొత్తలో కర్సర్ గురి తప్పుతుంది, దానికే వెనక్కి ఇచ్చేయకండి.

ఇక స్పందన. డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్‌తో పనిచేసే మౌస్ సెకనుకు 125 సార్లు తన కదలిక చెబితే ఒక్కోసారికి 8 మిల్లీసెకన్లు, 1000 సార్లు చెబితే 1 మిల్లీసెకను. బ్లూటూత్ మౌస్‌లు ఎక్కువగా వాడే లో ఎనర్జీ బ్లూటూత్‌లో రెండు సంకేతాల మధ్య విరామం మామూలుగా 7.5 మిల్లీసెకన్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. టైపింగ్‌కి, మెయిల్‌కి ఆ తేడా తెలియదు. గేములకీ, ఫొటోలు కత్తిరించే పనికీ డాంగిలే తీసుకోండి. బ్లూటూత్ మౌస్ కాసేపు వదిలేస్తే నిద్రపోయి, మళ్లీ కదిపినప్పుడు లేవడానికి కొంచెం టైం పట్టడం కూడా మామూలే.

కానీ "మౌస్ ఆగి ఆగి కదులుతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మౌస్ కారణం కాదు, డాంగిల్ పెట్టిన చోటు కారణం. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తాయి. 2012లో ఇంటెల్ దీని మీద ఒక పత్రమే విడుదల చేసింది. మన డాంగిల్ మాట్లాడేదీ ఆ 2.4లోనే. మీ దగ్గర ఇదే జరుగుతోందా అని తేల్చుకోవడం సులువు. డాంగిల్ పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టి, ఒక పెద్ద సినిమా ఫైలు కాపీ చేయండి. కాపీ నడుస్తున్నంతసేపూ కర్సర్ కుంటుతూ, అది అవగానే సాఫీగా నడిస్తే దొంగ దొరికినట్టే. డాంగిల్‌ని యూఎస్‌బీ 2.0 పోర్టులోకి మార్చండి, లేదా ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి మౌస్‌కి దగ్గరగా బల్ల మీదికి తెచ్చి పెట్టండి. డెస్క్‌టాప్ వాళ్లు సీపీయూ వెనక గుచ్చితే ఇనుప డబ్బా కూడా అడ్డం వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే ఇంట్లో వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదాకి పరికరాన్ని ఆపేయనిచ్చే టిక్ తీసేయడం కూడా మేలు.

కర్సర్ దానంతటదే వణుకుతుంటే మౌస్ తిరగేయండి. సెన్సర్ గుంతలో ఒక్క వెంట్రుక ఉన్నా అలా అవుతుంది. గాజు బల్ల మీద, మెరిసే సన్‌మైకా మీద చాలా సెన్సర్లు తడబడతాయి. దానికి మందు ఓ గుడ్డ ప్యాడ్.

ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతున్నా, ఫైలు లాగుతుంటే మధ్యలో జారిపోతున్నా బటన్ కింది స్విచ్‌లో లోహపు రేకు అరిగిందనో తుప్పు పట్టిందనో అర్థం. వారంటీ ఉంటే వీడియో తీసి మార్పించుకోండి. కాంతితో పనిచేసే ఆప్టికల్ స్విచ్చుల్లో ఈ రేకుల బెడద ఉండదు.

డాంగిల్ పోతే ఏంటన్నది కొనేటప్పుడే ఆలోచించాలి. చవక మౌస్‌లలో చాలావాటికి డాంగిల్ ఫ్యాక్టరీలోనే జత చేస్తారు, అది పోతే మౌస్ కూడా పోయినట్టే. లాజిటెక్ ఆఫీసు మౌస్‌ల డాంగిళ్లలో ముఖ్యంగా యూనిఫయింగ్, బోల్ట్ అని రెండు రకాలున్నాయి, ఒకదాని మౌస్ రెండోదాంతో పలకదు.

పెన్సిల్ సెల్ వేసే మౌస్‌ని నెలల తరబడి వాడకపోతే సెల్ తీసి పెట్టండి. కారి తెల్లగా పొడి కడితే, దూదిపుల్లతో కాస్త నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్ వేయాలి. లోపలే బ్యాటరీ ఉన్నదైతే ఛార్జింగ్ పోర్టు ఎక్కడుందో చూడండి. ఆపిల్ మ్యాజిక్ మౌస్‌కి అడుగున ఉంటుంది, ఛార్జ్ అవుతున్నంతసేపూ వాడలేం.

మెత్తగా, వెల్వెట్‌లా తగిలే రబ్బరు పూత షాపులో చేతికి ఎంతో ముద్దుగా ఉంటుంది. తేమకి ఆ పూత కొన్నేళ్లలో కరిగి జిగురు జిగురుగా అవుతుంది. వైజాగ్, మచిలీపట్నం, చెన్నై లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉండేవాళ్లు గరుకు ప్లాస్టిక్ ఒళ్లున్న మౌసే తీసుకోండి.