నొక్కిన 'అలో'ని వెనక్కి తీసుకోవడం: నా అనుభవం

'మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి' అంటూ రోజుకు ఇరవై ముప్పై సార్లు ఫోన్ మోగుతుంటే ఎవరికైనా మొదట తట్టేది యాంటీవైరసే. మా ఇంట్లో ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక విండోస్ ల్యాప్‌టాప్ ఈ గోలలో ఇరుక్కున్నాయి. నేనూ ముందు స్కానే చేశాను, ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. ఎందుకంటే అక్కడ చెడ్డ ఫైలంటూ ఏదీ లేదు. ఎప్పుడో ఏదో సైట్లో 'అలో' (Allow, అంటే అనుమతించు) నొక్కి, నోటిఫికేషన్లు పంపుకోమని ఇచ్చిన అనుమతి ఒకటి ఉంది, అంతే.

సైట్లు ఇలా నోటిఫికేషన్లు పంపే సదుపాయం క్రోమ్ బ్రౌజర్లో 2015లో 42వ వెర్షన్‌తో వచ్చింది. మెయిల్ వచ్చిందనో, వార్త వచ్చిందనో సైట్ మూసి ఉన్నా మనకు తెలియజేయడానికి పెట్టారు. 'అలో' నొక్కగానే ఆ సైట్ సర్వీస్ వర్కర్ అనే చిన్న స్క్రిప్ట్‌ను బ్రౌజర్లో దించుకుని, మన బ్రౌజర్‌కు కేటాయించిన ఒక చిరునామా సంపాదిస్తుంది. ఇక ఆ చిరునామాకు ఏం పంపినా తెర మీద పడుతుంది. ఆ పేజీకి మళ్లీ వెళ్లనక్కర్లేదు, ట్యాబ్ తెరిచి ఉండనక్కర్లేదు. మోసపు సైట్లకు కావలసింది ఇదే. నోటిఫికేషన్ మీద మనం నొక్కిన ప్రతిసారీ వాళ్లకు ప్రకటనల డబ్బు వస్తుంది. మన 'అలో' వాళ్లకు సరుకన్నమాట.

ఆ 'అలో' మనచేత నొక్కించే తీరు దాదాపు ఎక్కడైనా ఒకటే. ఇంటర్, టెన్త్ ఫలితాల రోజు అసలు సైట్ తెరుచుకోక వెతుక్కుంటూ పోయిన పేజీ, క్రికెట్ మ్యాచ్ ఉచితంగా చూపిస్తామనే పేజీ, కొత్త సినిమా డౌన్‌లోడ్ పేజీ, రేషన్ కార్డు స్టేటస్ చూపిస్తామనే నకిలీ పేజీ. అక్కడ ఒక రోబో బొమ్మ, పక్కన 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి' అని ఉంటుంది. లేదా వీడియో తిరుగుతూ ఆగిపోయి 'చూడాలంటే అలో నొక్కండి' అంటుంది. అసలైన క్యాప్చా (మనిషో రోబోనో తేల్చే పరీక్ష) ఏదీ నోటిఫికేషన్ అనుమతి అడగదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ చెప్పి పెడితే సగం బెడద ఉండదు.

'బ్లాక్' నొక్కితే కొన్ని పేజీలు వెంటనే ఇంకో పేజీకి తోసి మళ్లీ అడుగుతాయి. అడ్రస్ బార్ చూస్తే సైట్ పేరు అదే ఉంటుంది, ముందున్న అక్షరమో అంకో మారి ఉంటుంది. బ్రౌజర్ అనుమతిని పూర్తి చిరునామా వారీగా గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ముందుభాగం మారితే దాని లెక్కలో అది కొత్త సైటే. అలాంటి చోట వెనక్కి బాణం నొక్కుతూ కూర్చోకుండా ట్యాబే మూసేయాలి.

ఫోన్లో పని మొదలుపెట్టే ముందు, వచ్చేది నిజంగా బ్రౌజర్ నుంచేనా అని తేల్చుకోవాలి. నోటిఫికేషన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఏ యాప్ పంపిందో పేరు కనిపిస్తుంది. క్రోమ్ అని ఉంటే సంగతి మనం అనుకున్నదే. ఇంకేదో టార్చ్ యాప్ పేరో, క్లీనర్ యాప్ పేరో ఉంటే ఆ యాప్‌ను తీసేయడమే మార్గం, ఈ కింద రాసేవి దానికి పనికిరావు. ముందే తుడిచేసి ఉంటే, ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ఉంది. అది ఆన్ చేసి పెట్టుకుంటే తర్వాత వచ్చినవి ఎవరు పంపారో అందులో చూసుకోవచ్చు. క్రోమ్ నుంచి వచ్చినదైతే సందేశం దగ్గరే చిన్న అక్షరాల్లో సైట్ చిరునామా కూడా ఉంటుంది. పైన పెద్ద అక్షరాల శీర్షిక, బొమ్మ మోసగాడి ఇష్టం. పేరున్న యాంటీవైరస్ గుర్తు పెడతాడు, వాట్సాప్ గుర్తు పెడతాడు. ఆ చిన్న చిరునామా మాత్రం బ్రౌజర్ వేసేది, దాన్ని వాడు మార్చలేడు. చూడాల్సింది దాన్నే.

నోటిఫికేషన్ కింద ఉండే బటన్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా పడేది ఇక్కడే. 'స్కాన్', 'రద్దు' అని రెండు బటన్లు కనిపిస్తాయి. 'రద్దు' నొక్కితే పోతుందనుకుంటాం. కానీ ఆ రెండు బటన్ల పేర్లూ, వాటిని నొక్కితే జరిగేదీ సైటే రాసుకుంటుంది. రెండూ ఒకే పేజీకి తీసుకెళ్లవచ్చు. ఈ మధ్య క్రోమే ఆండ్రాయిడ్‌లో సొంతంగా 'అన్‌సబ్‌స్క్రైబ్' బటన్ ఇస్తోంది, అది మంచిదే. అయితే అదే మాట మోసగాడు తన బటన్ మీద రాసుకోకుండా ఆపేదేమీ లేదు. అందుకే నేను కింద బటన్లేవీ ముట్టుకోను. పక్కకు తోసేస్తే ప్రమాదం లేదు, పేజీ తెరుచుకోదు. ఆపాలంటే నొక్కి పట్టుకుని, ఆండ్రాయిడ్ చూపించే తెరలోంచే ఆపుతాను. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో సైట్‌కు విడి ఛానెల్ (విడిగా ఆపుకోగల నోటిఫికేషన్ల విభాగం) ఉంది కాబట్టి అక్కడ ఆపితే ఆ ఒక్క సైటే ఆగుతుంది, మిగతా క్రోమ్ నోటిఫికేషన్లు ఉంటాయి.

ఒక్కటైతే అది చాలు. ఆ ఫోన్లో ఇరవైకి పైగా ఉన్నాయి, కాబట్టి జాబితాలోకే వెళ్లాను. క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతి ఉన్నవి ఒక చోట, బ్లాక్ చేసినవి ఒక చోట ఉంటాయి. అర్థం పర్థం లేని అక్షరాల పేర్లు, చివర డాట్ టాప్, డాట్ క్లిక్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటివి ఉన్నవాటిని చూడగానే పోల్చుకోవచ్చు. తోక అలా ఉన్నంత మాత్రాన ప్రతిదీ మోసం అనలేం. కానీ మనం గుర్తుపట్టలేని పేరుకు అనుమతి ఉంచాల్సిన అవసరమూ లేదు. ఒక్కొక్కటీ తెరిచి బ్లాక్ చేశాను. జాబితాలోంచి తీసేస్తే కూడా సందేశాలు ఆగుతాయి, కానీ ఆ సైట్‌కు వెళ్తే మళ్లీ అడుగుతుంది. బ్లాక్ చేస్తే అడగదు.

అక్కడే పైన అన్ని సైట్లకూ కలిపి ఒక స్విచ్ ఉంది. చాలామంది దాన్ని ఆపేసి, 'అయినా వస్తున్నాయేంటి' అంటారు. ఆ స్విచ్ ఇకపై అడగబోయే సైట్లకే. ఇదివరకే అనుమతి తీసుకున్నవి జాబితాలో అలాగే ఉంటాయి. ముందు పాతవాటిని తీసి, ఆ తర్వాత స్విచ్ ఆపాలి. ఆ స్విచ్ ఆపేస్తే మనకు పోయేదేమిటంటే, దాదాపు ఏమీ లేదు. బ్యాంకు, మెయిల్, వార్తలు అన్నిటికీ ఫోన్లో యాప్‌లున్నాయి.

ఇక పనికిరాని వైద్యాలు. హిస్టరీ, క్యాష్ తుడిస్తే అనుమతి పోదు. కుకీలతో పాటు సైట్ డేటా తుడిస్తే సర్వీస్ వర్కర్ పోతుంది, కాబట్టి కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. కానీ అనుమతి అలాగే ఉంది కాబట్టి ఆ సైట్‌కు మళ్లీ వెళ్తే ఏమీ అడగకుండానే తిరిగి అంటుకుంటుంది. తుడిచే తెరలోనే 'సైట్ సెట్టింగ్స్' అని విడిగా ఒక గడి ఉంటుంది. దానికి టిక్ పెడితే అనుమతులన్నీ పోతాయి, కెమెరా, లొకేషన్ లాంటివి కూడా. క్రోమ్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేస్తే చప్పుడు ఆగుతుంది గానీ, డౌన్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో కూడా కనిపించదు. ఫ్యాక్టరీ రీసెట్ చేయించుకున్నవాళ్లనూ చూశాను. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

ల్యాప్‌టాప్‌లో దారి కాస్త వేరు. మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఒకే సైట్ ముందు అంకెలు మార్చుకుని పది పేర్లతో ఉంటే, ముందు అనుమతి జాబితాలోంచి ఆ పదింటినీ తీసేసి, బ్లాక్ జాబితాలో 'యాడ్' నొక్కి [*.] తర్వాత సైట్ అసలు పేరు ఇస్తే దాని పిల్లలన్నిటికీ, అంటే ముందుభాగం మారే పేర్లన్నిటికీ వర్తిస్తుంది. పాతవి తీయకుండా ఇది ఒక్కటే ఇస్తే లాభం లేదు, విడిగా పేరుతో ఉన్న అనుమతిదే పైచేయి అవుతుంది. ఎడ్జ్‌లో కూడా సైట్ అనుమతుల కింద ఇలాంటి జాబితానే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో పర్మిషన్స్ కింద నోటిఫికేషన్స్ పక్కనున్న సెట్టింగ్స్. అక్కడే కొత్తగా అడగనివ్వకుండా ఆపే గడి ఉంది. మనం పేజీలో ఏదైనా నొక్కేదాకా అడగడానికి సైట్లను ఫైర్‌ఫాక్స్ 2020లో 72వ వెర్షన్ నుంచే అనుమతించడం మానేసింది, అందుకే అక్కడ ఈ బాధ తక్కువ.

ఒక్కోసారి జాబితాలో సైట్ కనిపిస్తుంది కానీ తీసే వీలుండదు. ఆఫీసు ల్యాప్‌టాప్ కాకపోయినా మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉంటే అనుమానించాలి. కంపెనీలు తమ కంప్యూటర్లలో బ్రౌజర్ సెట్టింగులు బిగించడానికి వాడే పాలసీ దారిలో ఏదో చెడ్డ ప్రోగ్రామ్ ఆ అనుమతిని పెట్టి ఉండొచ్చు. అడ్రస్ బార్లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని (chrome://policy) ఇస్తే ఏమేం పెట్టారో కనిపిస్తుంది. యాంటీవైరస్ స్కాన్‌కు నిజంగా పని ఉండేది ఇక్కడే. తెలియని ఎక్స్‌టెన్షన్లు, ఈమధ్య ఎక్కిన ప్రోగ్రాములు కూడా చూసుకోవాలి.

ఐఫోన్ సంగతి క్లుప్తంగా. హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్లు తప్ప మిగతావి అందులో నోటిఫికేషన్లు పంపలేవు, ఆ సౌకర్యమే ఐఓఎస్ 16.4తో 2023లో వచ్చింది. అందులో 'వైరస్' హెచ్చరికలు వస్తుంటే ఎక్కువసార్లు అది తెలియక సబ్‌స్క్రైబ్ అయిన క్యాలెండర్ పనే. ఆ ఈవెంట్ తెరిచి, అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాలి.

నోటిఫికేషన్ నొక్కి లోపలికి వెళ్లడం వరకే జరిగితే సాధారణంగా నష్టమేమీ ఉండదు. అక్కడ ఏపీకే అనే యాప్ ఫైల్ దించుకుని ఎక్కించినా, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టుకున్నా లెక్క వేరు. ముందు నెట్ ఆపి, ఆ యాప్ తీసేయాలి. తీయడానికి వీలు కాకపోతే డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతుల్లో దాని పేరు ఉందేమో చూసి అక్కడ ఆపి, మళ్లీ ప్రయత్నించాలి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి.

మా ఫోన్ ఆ రోజే నిశ్శబ్దమైంది. ల్యాప్‌టాప్ మాత్రం మూడో రోజు మళ్లీ మోగింది. జాబితా చూస్తే శుభ్రంగా ఉంది. చివరికి తేలిందేమంటే, క్రోమ్‌లో ఇద్దరికి రెండు ప్రొఫైళ్లున్నాయి, నేను ఒకదాన్నే శుభ్రం చేశాను. అనుమతులు ప్రొఫైల్‌కు విడివిడిగా ఉంటాయి. కుడి పైమూల బొమ్మ నొక్కి రెండోదానిలోకి మారి, అదే జాబితా మొదటి నుంచి పట్టుకున్నాను.