నంబర్ వన్ అంటున్నారు, నా దిగులంతా లైన్ మీదే

ఆగస్టు 16, 2025, శనివారం. ఆస్టిన్.

సోమవారం ఏపీ పోల్ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ టీములకి అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చే ర్యాంకులు) వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఎవరిని కదిలించినా ఒకటే మాట. సీజన్ ఇంకా మొదలవలేదు, మా ఊరి యూనివర్సిటీ టీమ్ టెక్సస్ లాంగ్‌హార్న్స్ అప్పుడే నంబర్ వన్. నాలుగు జాతీయ టైటిళ్ళున్న టీమే అయినా, సీజన్‌కి ముందు వచ్చే పోల్‌లో మొదటి స్థానం దక్కడం మాత్రం ఇదే మొదటిసారి. ఇవాళ కృష్ణాష్టమి కదా, వెన్నకీ పెరుగుకీ పొద్దున్నే హెచ్‌ఈబీకి వెళ్ళాను. బిల్లు వేసే పెద్దాయన నా చేతిసంచి మీద కొమ్ముల బొమ్మ చూసి, "ఏమంటారు, ఈసారి కొడతామా?" అని అడిగాడు. "లైన్ కుదిరితే కొడతామండీ" అన్నాను. వెన్న ప్యాకెట్ చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "నలుగురు వెళ్ళిపోయారు కదా" అన్నాడు. లైన్ అంటే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురు. నిరుడున్న ఆ ఐదుగురిలో నలుగురు. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నా మా మాటలు కాసేపటికి గానీ తెగలేదు. లైన్ గురించి మాట్లాడే మనిషి దొరికితే నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

ఎందుకంటే మిగతా అందరి నోటా ఈసారి మా క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ పేరే. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లే. ఆ ఇంటిపేరుతో పుట్టిన కుర్రాడు రెండేళ్ళు అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఈ రోజుల్లో ఆట దొరకకపోతే పిల్లలు పోర్టల్‌లో పేరు పెట్టి ఇంకో కాలేజీకి వెళ్ళిపోతున్నారు. ఇతను వెళ్ళలేదు. ఆ ఒక్క విషయానికే నాకు అతనంటే గౌరవం. నిరుడు సెప్టెంబర్‌లో యూటీ శాన్ ఆంటోనియోతో ఆటకి మా అమ్మాయితో కలిసి వెళ్ళాను. యూవర్స్ డొక్క పట్టుకుని బయటికి వెళ్తే స్టేడియం అంతా నిశ్శబ్దమైపోయింది. ఆర్చ్ వచ్చాడు, మొదటి బంతికే టచ్‌డౌన్ (బంతిని అవతలి గోల్ లైన్ దాటించే) పాస్. ఆ తరవాత బంతి తన దగ్గరే ఉంచుకుని 67 గజాలు పరుగెత్తాడు. అంత పొడుగు మనిషి అంత వేగంగా పరుగెత్తుతాడని అక్కడ ఎవరూ అనుకోలేదు. మా ముందు వరసలో ఒక బామ్మగారు పక్కవాళ్ళ భుజాలు పట్టుకుని ఊపేస్తున్నారు.

అయినా మొదటి నుంచీ తను దిగి ఆడిన ఆటలు నిరుడు రెండే. ఒకటి లూసియానా మన్రోతో, ఇంకొకటి మిసిసిపి స్టేట్‌తో. నిరుడు ఆ రెండు టీములూ అంతంతమాత్రమే. కాబట్టి కుర్రాడు బాగా ఆడతాడా లేదా అన్నది ఆగస్టు 30న కొలంబస్‌లో, డిఫెండింగ్ చాంపియన్ ఒహాయో స్టేట్ ముందు, లక్షకు పైగా జనం అరుపుల మధ్య తేలాలి. బాగా ఆడతాడనే నా నమ్మకం. కానీ ఎంత గొప్ప క్వార్టర్‌బ్యాక్‌కైనా బంతి చేతికొచ్చాక రెండున్నర, మూడు సెకన్లు కావాలి. ఆ సెకన్లు సంపాదించి పెట్టేది ముందున్న ఐదుగురు. ఒక్కొక్కరూ 135, 140 కిలోల మనుషులు. వాళ్ళు పాసులు అందుకోరు, టచ్‌డౌన్లు కొట్టరు. టీవీలో వాళ్ళ పేరు వినపడిందంటే చాలాసార్లు పెనాల్టీ పడిందనే అర్థం.

ఈ ఐదుగురి పని నాకు స్టేడియంలో కన్నా మా ఇంటి దగ్గర హైస్కూల్ గ్రౌండ్‌లోనే బాగా తెలిసింది. ఆగస్టు ఎండలకి వాళ్ళు ఏడు కాకముందే ప్రాక్టీస్ మొదలుపెడతారు, నా నడక కూడా ఆ వేళకే. గడ్డి మీద ఒక ఇనుప స్లెడ్ ఉంటుంది, దానికి వరసగా మెత్తలు కట్టి ఉంటాయి. కోచ్ దాని మీదెక్కి నిలబడి ఈల వేస్తాడు. ఐదుగురు పిల్లలు భుజాలు ఆనించి ఒక్కసారిగా తోస్తారు. అందరూ కలిసి తోస్తే అది తిన్నగా జారుతుంది. ఒక్కడు రెప్పపాటు ఆలస్యమైనా పక్కకి తిరిగిపోతుంది. మళ్ళీ వెనక్కి లాగి మొదటి నుంచీ తోయాల్సిందే. వాళ్ళలో ఒకడు మా వీధి చివరింటి కుర్రాడు, వాళ్ళది నెల్లూరు. ఇవాళ నీళ్ళు తాగడానికి ఫెన్స్ దగ్గరికి వస్తే అడిగాను, అన్నిటికంటే కష్టం ఏది నాన్నా అని. "మొదటి అడుగు ఆంటీ. బెత్తెడే వెయ్యాలి. ఎక్కువ వేస్తే బ్యాలెన్స్ పోతుంది. పక్కవాడి అడుగూ నా అడుగూ ఒకేసారి పడాలి. వాడి వైపు చూసే టైముండదు, తెలిసిపోవాలంతే" అన్నాడు. ముఖం మీద చెమట ధారలు కారుతున్నాయి, మట్టి అంటిన చేత్తోనే తుడుచుకుని పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్కవాడి అడుగు అలా తెలిసిపోవాలంటే కలిసి ఆడాలి, చాలాకాలం ఆడాలి. నా దిగులు అక్కడే.

జనవరి 10 రాత్రి ఆర్లింగ్టన్‌లో ఇదే ఒహాయో స్టేట్‌తో ఆడిన సెమీఫైనల్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. 21-14తో వెనకబడి ఉన్నాం. ఆట చివరికొచ్చింది. బంతి వాళ్ళ గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో ఉంది, మనకి నాలుగు అవకాశాలున్నాయి. మొదటిసారి నేరుగా మధ్యలోంచి దూరబోయారు, బంతి కదల్లేదు. రెండోసారి పక్కకి విసిరి విస్నర్‌ని పరుగెత్తించారు, ఏడు గజాలు వెనక్కి పోయింది. మూడోసారి పాస్ నేలపాలు. నాలుగోసారి ఒహాయో వాళ్ళ జాక్ సాయర్ దూసుకొచ్చి యూవర్స్ చేతిలోని బంతి రాలగొట్టి, తనే అందుకుని 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14. యూవర్స్ ఒహాయోలో ఉన్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఉన్న స్నేహితులు. ఆ సంగతి తెలిసి చూస్తే ఇంకా బాధగా ఉంటుంది.

ఆ రెండో బంతి పక్కకి ఎందుకు విసిరించాడని ఊరంతా కోచ్ సార్కీసియన్‌ని తిట్టిపోసింది. నేను మాత్రం మొదటి బంతి గురించే ఆలోచిస్తాను. మధ్యలో ఒక్క గజం తోయగలిగి ఉంటే రెండో బంతి అవసరమే వచ్చేది కాదు. అప్పుడు లైన్‌లో ఉన్నది ఎవరు? కెల్విన్ బ్యాంక్స్ లాంటివాడు. నిరుడు దేశంలో మేటి లైన్‌మన్‌గా అవుట్‌ల్యాండ్ ట్రోఫీ అందుకున్నవాడు, ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో తొమ్మిదో నంబరుగా న్యూ ఆర్లిన్స్‌కి వెళ్ళినవాడు. సెంటర్‌లో జేక్ మేజర్స్, ఏళ్ళ తరబడి ఆడిన చెయ్యి. హేడెన్ కానర్, క్యామ్ విలియమ్స్. ఇంతమంది ఉండి కూడా కదల్చలేని ఆ గజాన్ని ఇప్పుడు కొత్తవాళ్ళు కదల్చాలి. ఐదుగురిలో మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే.

ఆశ లేదని కాదు. ట్రెవర్ గూస్బీ ఉన్నాడు. బ్యాంక్స్ కాలికి దెబ్బ తగిలినప్పుడు అట్లాంటాలో మా కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీ ఫైనల్ ఆడాడు, అదీ జార్జియా మీద. పిల్లాడు ఎక్కడా తడబడలేదు. మధ్యలో ఆడబోయే కానర్ రాబర్ట్‌సన్, కోల్ హట్సన్ కూడా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కాదు. బ్యాంక్స్, క్యాంప్‌బెల్ వచ్చిన 2022 బ్యాచ్‌లోనే వచ్చారు, ఇన్నేళ్ళూ అదే కోచ్ కైల్ ఫ్లడ్ దగ్గర నేర్చుకున్నారు. హట్సన్‌కి ఆ మొదటి ఏడాదే ఆట దొరికింది, తరవాత ఎక్కువగా పక్కన ఉండాల్సి వచ్చింది. తన వంతు కోసం అలా కాచుకున్నవాడికి ఆట విలువ తెలుస్తుందని నా నమ్మకం. వీళ్ళు అక్టోబర్ కల్లా కుదురుకుంటారని అనుకుంటున్నాను. బాధంతా ఏమిటంటే, పరీక్ష ఆగస్టులోనే పెట్టారు.

డిఫెన్స్ విషయంలో నాకు పెద్దగా బెంగ లేదు. కాలిన్ సిమన్స్ ఫ్రెష్‌మన్‌గానే తొమ్మిది సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడం) చేశాడు, ఇప్పుడు ఇంకో ఏడాది ముదిరాడు. ఆంథనీ హిల్ మధ్యలో ఉన్నాడు. మైకేల్ టాఫ్ అంటే మాత్రం నాకు ప్రత్యేకమైన అభిమానం. మన ఆస్టిన్ వెస్ట్‌లేక్ స్కూల్ పిల్లాడు, స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపలా ఉండే సేఫ్టీగా నిలదొక్కుకున్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళే వీలుండీ ఇంకో ఏడాది ఉండిపోయాడు. సెమీఫైనల్‌లో ఒహాయో వాళ్ళ జెరెమయా స్మిత్‌ని ఒకే ఒక్క క్యాచ్‌తో, మూడు గజాలతో సరిపెట్టించింది ఈ డిఫెన్సే. అప్పుడున్న జాడే బారన్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డెన్వర్ టీమ్‌లో ఉన్నాడు, ఆ లోటు తెలుస్తుంది. ముందు వరసలో బరువైన మనుషులు కూడా వెళ్ళిపోయారు, వాళ్ళ చోట్లో వేరే కాలేజీల నుంచి తెచ్చుకున్నారు. వాళ్ళలో హీరో కాను నిరుటిదాకా ఒహాయో స్టేట్‌లోనే ఉన్నాడు. పాత ఇంటికి ఇప్పుడు ఎదురు జట్టుతో వెళ్తాడు.

మధ్యాహ్నం వంట అయ్యాక మా అమ్మాయి ఫోన్ చేసింది. వెస్ట్ క్యాంపస్‌లో ఈ ఏడు తీసుకున్న అపార్ట్‌మెంట్‌లోకి వచ్చే వారం మారాలి, కుక్కర్ తనకి ఇస్తానా లేదా అన్నది అసలు విషయం. మాటల్లో ఆట వచ్చింది. "అమ్మా, ఈసారి లెక్క చెప్పు" అంది. చెప్పాను. కొలంబస్ అటో ఇటో. ఒహాయో కూడా డ్రాఫ్ట్‌లో బోలెడుమందిని పోగొట్టుకుంది, క్వార్టర్‌బ్యాక్ ఎవరో ఇంకా ప్రకటించలేదు, డిఫెన్స్‌కి కోచ్ కూడా కొత్త. అయినా వాళ్ళ ఊరు వాళ్ళది. ఆ తరవాత మూడు ఆటలు ఇంట్లోనే, శాన్ హోసే స్టేట్, యూటెప్, శామ్ హ్యూస్టన్. లైన్ కుదురుకోవడానికి దొరికే రోజులు అవే. అక్టోబర్ 4న ఫ్లోరిడాకి వెళ్ళాలి, వారం తిరిగేసరికి డల్లాస్‌లో ఓక్లహోమా. నిరుడు వాళ్ళని 34-3తో ఓడించాం కదా అని ధీమాగా ఉండడానికి లేదు, ఈసారి వాళ్ళకి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. నా కన్ను మాత్రం నవంబర్ 15 మీద ఉంది. నిరుడు జార్జియా మనల్ని రెండుసార్లు ఓడించింది, ఒకసారి మన గడ్డ మీదే. ఇప్పుడు వాళ్ళ ఏథెన్స్‌కి వెళ్ళి ఆడాలి. ఆ రోజున మూడో క్వార్టర్‌లో, గజం, రెండు గజాలు కావాల్సిన చోట మన ఐదుగురు ఏం చేస్తారో, అదే మన సీజన్. 10-2 అన్నాను. "రెండు ఓడితే ప్లేఆఫ్ వస్తుందా?" అంది. జాతీయ టైటిల్ తేల్చే ఆ ప్లేఆఫ్‌లో పన్నెండు టీములున్నాయి, మన షెడ్యూల్‌తో 10-2 అంటే రావాలి. నిరుడు రెండు ఓడీ సెమీస్ దాకా వెళ్ళాం. 2005 సీజన్ తరవాత టైటిల్ లేని ఊరు ఇది. ప్లేఆఫ్ దాకా వెళ్తే చాలదని నాకూ తెలుసు.

మా అమ్మాయి గారి బాధ వేరు. నవంబర్ 28, థ్యాంక్స్ గివింగ్ మర్నాడు, టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీతో ఆట ఇక్కడే. మా మరిది కొడుకు వాళ్ళ ఊరు కాలేజ్ స్టేషన్‌లోనే మాస్టర్స్ చేస్తున్నాడు, వాళ్ళ మెరూన్ చొక్కా వేసుకుని మా ఇంటికే వస్తానంటున్నాడు. వాడికి పండగ భోజనం పెట్టాలా వద్దా అని అడుగుతోంది. పెడతాను. నిరుడు వాళ్ళ ఊళ్ళోనే 17-7తో గెలిచాం, ఆ మాత్రం ఉదారత చూపించాలి.

సాయంత్రం పూజయ్యాక మావారు మళ్ళీ డబ్బు సంగతి తీశారు. జులై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో కాలేజీకి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. కోర్టు ఒప్పందం అది. చదువుకునే పిల్లలకి ఇంత డబ్బేమిటని ఆయన బాధ. నాకు అలా అనిపించదు. లక్షమంది టికెట్లు కొంటారు, టీవీల వాళ్ళు కోట్లు పోస్తారు, కోచ్‌కి ఏడాదికి కోటి డాలర్లు దాటి ఇస్తారు. మోకాళ్ళు, భుజాలు అరగదీసుకునేది ఆ పిల్లలు. సీజే బాక్స్టర్‌కి నిరుడు ఆగస్టులో మోకాలు పోయి ఏడాదంతా ఆట లేదు, ఇప్పుడే మళ్ళీ పరుగెత్తుతున్నాడు. వాడికి రేపు ఆట లేకుండా పోతే ఎవరు చూస్తారు? ఇవ్వాల్సిందే. నా భయమల్లా డబ్బంతా పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లకి పోయి, లైన్‌లో నిలబడే పిల్లలకి కొసరు మిగులుతుందేమోనని.

ఇక అసలు చిక్కు. ఈసారి వినాయక చవితి 27, బుధవారం. మా తెలుగువాళ్ళంతా కలిసి చేసే నిమజ్జనం 30, శనివారం పదకొండింటికి అని వాట్సాప్‌లో పెట్టారు. ఒహాయోలో ఆట మొదలయ్యేది కూడా మన టైమ్ సరిగ్గా పదకొండుకే. నేను ఊరుకోలేదు. శనివారం నాలుగో రోజవుతుంది, ఐదో రోజు ఆదివారం అయితే బేసి సంఖ్య, పద్ధతి ప్రకారమూ బాగుంటుంది, సోమవారం ఎలాగూ లేబర్ డే సెలవు అని రాశాను. పురోహితుడుగారు కూడా అదే సరైనదన్నారు. రాత్రి తొమ్మిదికల్లా ఆదివారానికి మార్చేశారు. మార్చక తప్పదు కూడా. మండపంలోంచి విగ్రహాన్ని ఎత్తి బండెక్కించాల్సింది నెల్లూరు వాళ్ళ అబ్బాయీ వాడి స్నేహితులూ, వాళ్ళు శనివారం ఆట వదిలి రామని మొదటే చెప్పేశారు.