స్టార్టర్ పెట్టె తాళం

మంగళవారం. రాత్రి పదిన్నర.

ఈ రోజు మా మున్సిపల్ కౌన్సిల్ సాధారణ సమావేశం. నెలకోసారి వచ్చేదే. అజెండా తయారు చేయడం, సభలో అంశాలు చదవడం, ఆ తర్వాత మినిట్స్ పుస్తకంలో తీర్మానాలు ఎక్కించడం నా పని. పద్నాలుగేళ్లుగా ఈ సెక్షనే చూస్తున్నాను. సమావేశం రోజు ఇంటికి వచ్చి రాసుకునేంత విశేషం మామూలుగా ఏమీ ఉండదు. ఈ రోజు రాయాలనిపించింది.

పొద్దున్న వెళ్లేటప్పుడు ఎప్పటిలాగే వాటర్ ట్యాంకు దగ్గర బండి ఆపాను. ట్యాంకు స్తంభానికి సున్నం కొట్టి నల్లరంగుతో రెండు తేదీలు రాసి ఉంటాయి. ఒకటి శుభ్రం చేసిన తేదీ, రెండోది తిరిగి చేయవలసిన తేదీ. రెండోది దాటి నాలుగు రోజులైంది. ఫిట్టర్‌కి ఫోన్ చేస్తే, "శనివారమే కడిగించామండి, తేదీ రాయడానికి పెయింటర్ రాలేదు" అన్నాడు. అతని మాట మీద నాకు నమ్మకం ఉంది. ఎవరూ చెప్పకపోయినా లైను చివరి ఇంటి కుళాయి దాకా వెళ్లి క్లోరిన్ చూసి వచ్చే మనిషి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. చివరి కుళాయిలో కూడా క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 0.2 వంతు, ఉండాలి. ట్యాంకు దగ్గర చూసి పుస్తకంలో రాసుకోవడం తేలిక. అతను అలా చేయడు. అయినా తేదీ మార్చి తీరాలని గట్టిగానే చెప్పాను. ఆ నీళ్లు తాగే వాళ్లకు మా రిజిస్టర్లు కనబడవు, ఆ స్తంభం కనబడుతుంది.

పదకొండింటికి సభ మొదలైంది. అజెండాలో 27 అంశాలు. బ్లీచింగ్, సున్నం, పటిక కొనుగోలు. చెత్త ట్రాక్టర్ టైర్లు. వీధి దీపాల టైమర్ల మార్పిడి. వర్షాకాలం ముందు మేజర్ డ్రెయిన్లలో పూడికతీత. పార్కులో విరిగిన ఉయ్యాల గొలుసులు. ఇలాంటివి చదువుతుంటే "ఆమోదం, ఆమోదం" అని బల్లలు చరుస్తూ పోతారు.

పారిశుద్ధ్య కార్మికుల సబ్బులు, కొబ్బరినూనె, చెప్పుల అంశం దగ్గర ఒక సభ్యుడు ఆపారు. "కొబ్బరినూనె ఎందుకండీ, అది కూడా మనమే ఇవ్వాలా?" అని అడిగారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ లేచి, "బ్లీచింగ్ చల్లే చేతులండి, పగిలి నెత్తురు వస్తుంది. రాత్రి నూనె రాసుకోకపోతే తెల్లవారి చీపురు పట్టుకోలేరు" అన్నారు. ఆ సభ్యుడు వెంటనే, "అయితే నూనె ఆలస్యం కానివ్వకండి, పోయినసారి మూడు నెలలు లేటయింది" అన్నారు. తెలియక అడిగారు, తెలిశాక మనస్ఫూర్తిగా మాట్లాడారు. సభలో అలా జరిగినప్పుడు నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

సమ్మర్ స్టోరేజి ట్యాంకు, అంటే వేసవికి నీళ్లు నిల్వ చేసే చెరువు, అంశం మీద కొంచెం గట్టిగా చర్చ జరిగింది. మాది గోదావరి డెల్టా ఊరు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువే మాకు ఆధారం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు నీళ్లే తాగాలి. కట్టేసేలోగా నింపుకోవాలి. నింపే మోటార్లు రెండింట్లో ఒకటి రిపేరులో ఉంది. దాన్ని పది రోజుల్లో బిగిస్తామని డీఈ (డిప్యూటీ ఇంజనీర్) గారు చెప్పారు. తేదీతో సహా రాసుకున్నాను.

తర్వాత 19వ అంశం. "శ్మశానవాటికలోని బోరు మోటారు మరమ్మతు నిమిత్తం అంచనా రూ. 42,000, సాధారణ నిధుల నుంచి." చదువుతుంటే నా గొంతు కొంచెం పట్టేసింది. నీళ్లు తాగి మళ్లీ చదివాను.

నిరుడు శ్రావణంలో నాన్న పోయారు. తలకొరివి పెట్టింది నేనే. సన్నగా వాన. పాడె దింపాక కుండలో నీళ్లు నింపాలి, చితి చుట్టూ తిరగాలి. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. ఆ మోటారు మరమ్మతుకు అంతకు రెండేళ్ల ముందు తీర్మానం రాసింది నేనే. "చర్చించి, ఆమోదించడమైనది" అని నా చేతి రాత మినిట్స్ పుస్తకంలో ఉంది. పని జరిగింది, ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) రాశారు, బిల్లు వెళ్లింది. అంతా సక్రమమే. కుండ పట్టుకుని కుళాయి కింద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాటికాపరి ఏమీ మాట్లాడకుండా నా చేతిలోని కుండ తీసుకుని, వానలోనే వాళ్ల ఇంటికి వెళ్లి, బిందెలోని నీళ్లు నింపి తెచ్చి నా భుజం మీద పెట్టాడు. వాళ్లు తాగడానికి పట్టుకున్న నీళ్లు.

ఈ సంగతి నేను ఆఫీసులో ఎవరితోనూ అనలేదు. పితృకార్యం జరిగిన పదిహేను రోజులకు సీట్లో కూర్చున్నాను, మళ్లీ అజెండాలు తయారు చేశాను. చెప్పి ఉండాల్సింది. ఆ తర్వాత ఇన్ని నెలల్లో ఆ కుళాయి కింద ఎంతమంది కుండ పట్టుకుని నిలబడ్డారో.

సరే, ఈ రోజు సంగతి. అందరూ "ఆమోదం" అనబోతుంటే, ఆ వార్డు కౌన్సిలర్ మైకు దగ్గరకు తీసుకున్నారు. మొదటిసారి గెలిచినావిడ. సభలో ఎక్కువ మాట్లాడరు. "చైర్‌పర్సన్ గారూ, ఈ మోటారు పాత కౌన్సిల్లో కూడా బాగుచేయించారట. మళ్లీ మళ్లీ ఎందుకు కాలుతోందో అసిస్టెంట్ ఇంజనీర్ ఏఈ గారిని చెప్పమనండి" అన్నారు.

ఏఈ గారు చెప్పింది నేను మాటకు మాట రాసుకున్నాను. మోటారులో లోపం లేదు. మోటారు వేసే, ఆపే స్విచ్ ఉండే స్టార్టర్ పెట్టె బయట గోడకు బిగించి ఉంది, దాని తలుపు ఊడిపోయి చాలా కాలమైంది. వానకు లోపల పాయింట్లు తుప్పు పట్టి స్విచ్ పనిచేయదు. శవం వచ్చినప్పుడు ఎవరో ఒకరు వైర్లు మెలిపెట్టి డైరెక్టుగా కలుపుతారు. నీళ్లు వస్తాయి. వాళ్లు స్నానాలు చేసి వెళ్లిపోతారు. ఆపే వాళ్లుండరు. రాత్రంతా తిరిగీ తిరిగీ, బోరులో నీళ్లు అడుగంటాక కాయిల్ కాలిపోతుంది.

"మరి పెట్టె సంగతి అంచనాలో ఉందా అండి?" అని అడిగారామె.

లేదు. మోటారు రీవైండింగ్, పైపులు, కూలీ మాత్రమే ఉన్నాయి.

"కొత్త పెట్టె పెడితే తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఎలక్ట్రికల్ వాళ్లు ఇంజనీరింగ్ వైపు చూశారు. ఇంజనీరింగ్ వాళ్లు వార్డు సచివాలయం అన్నారు. అయిదు గంటలు దాటాక సచివాలయం మూసేస్తారు కదా, సాయంత్రం వచ్చే వాళ్ల సంగతేమిటని ఒక పెద్దాయన అడిగారు.

సభలో నేను మాట్లాడకూడదు. చదవమన్నది చదవాలి, రాయమన్నది రాయాలి. కానీ ఉండలేకపోయాను. లేచి నిలబడి, "అనుమతిస్తే ఒక్క మాట మేడమ్" అన్నాను. చైర్‌పర్సన్ గారు ఆశ్చర్యంగా చూసి చెప్పమన్నారు. "కాటికాపరి ఇల్లు గోడ పక్కనే ఉంది. ఏ వేళప్పుడైనా మనిషి ఉంటాడు. ఒక తాళంచెవి అతని దగ్గర, ఇంకొకటి వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ (సదుపాయాల) సెక్రటరీ దగ్గర ఉంచితే బాగుంటుంది" అన్నాను. నాన్న సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. కౌన్సిలరమ్మ, "అదే రాయండి. మోటారు వేసి, ఆపే బాధ్యత కూడా అతనికే ఇచ్చి, అందుకు నెలకు ఎంత ఇవ్వాలో కమిషనర్ గారు నిర్ణయించాలి. ఊరికే చేయించుకోకూడదు" అన్నారు. ఆ చివరి మాట నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది.

డిపార్ట్‌మెంటల్ టెస్టులకు చదివే రోజుల్లో 12వ షెడ్యూల్ బట్టీ పట్టాం. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ 18 పనుల జాబితా అది. శ్మశానాలు అందులో 14వది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. మేం అజెండాల్లో రోడ్లు, డ్రెయిన్లు, షాపుల వేలం రాసినంత శ్రద్ధగా దాన్ని రాయం. కొత్తగా కట్టే వాటికి శిలాఫలకం ఉంటుంది. పెట్టె తలుపుకు, గొళ్లేనికి ఏదీ ఉండదు, అందుకే మా అంచనాల్లోనూ ఉండదు. పద్నాలుగేళ్లలో నేను రాసిన మరమ్మతు తీర్మానాల్లో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో రాసింది ఒక్కటీ గుర్తు రావడం లేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక డ్రాఫ్టు మొదలుపెట్టాను. 19వ తీర్మానం మామూలుగా ఒకటిన్నర లైను. ఈసారి తొమ్మిది లైన్లు వచ్చింది. రేకు పెట్టె, పైన చిన్న కప్పు, వాటికి అదనంగా ఆరు వేలు, ఆటోమేటిక్‌గా ఆగే టైమరు, తాళంచెవులు రెండూ ఎవరెవరి దగ్గర ఉండాలో, మోటారు పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాయించడం. మేనేజర్ గారు చదివి, "ఇంత వివరం ఎందుకయ్యా?" అన్నారు. "ఉండనివ్వండి సార్" అన్నాను. ఆయన నా మొహం చూసి ఇంకేమీ అనలేదు, ఇనీషియల్ వేసి ఇచ్చేశారు.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. నిరుడు ఆ రోజు తర్వాత మళ్లీ వెళ్లడం ఇదే. పెట్టె అలాగే ఉంది. లోపల బల్లి గుడ్లు పెట్టింది. ఎర్రవైరు, నల్లవైరు మెలిపెట్టిన చోట ఇన్సులేషన్ కరిగి అతుక్కుపోయి ఉంది. తడి చేతులతో వాటిని ముట్టుకునే వాళ్లంతా తలస్నానం చేసి, తడిబట్టలతో, దుఃఖంలో ఉన్న మనుషులు. ఇన్నాళ్లూ ఏ ప్రాణం మీదికీ రాకపోవడం మా అదృష్టం. ఏఈ గారికి ఫోటో పంపి, రేపే కరెంటు తీసేసి వైర్లు విడదీయించమని అడిగాను. సరేనన్నారు.

కాటికాపరి నన్ను గుర్తుపట్టాడు. "పెద్దాయన అబ్బాయి గారు కదండి" అన్నాడు. తాళంచెవి విషయం చెబితే, "నా దగ్గర ఉంటే ఎప్పుడొచ్చినా వేస్తానండి, రాత్రయినా సరే" అన్నాడు. నెలకు డబ్బు ఇచ్చే ఆలోచన ఉందని చెప్పినప్పుడు మాత్రం సరిగ్గా విన్నాడో లేదో అన్నట్టు మళ్లీ అడిగాడు.

ఇంటికి వచ్చేసరికి కుళాయి టైము. అమ్మ బిందెలు పడుతోంది. ఎక్కడి నుంచి వస్తున్నానో చెప్పగానే గుమ్మం ఎక్కనివ్వకుండా చెంబుతో నీళ్లు అందించింది. కాళ్లు కడుక్కుంటూ ఆ రోజు కుండ సంగతి మొదటిసారి చెప్పాను. కాసేపు కుళాయి కట్టేయడం కూడా మర్చిపోయి నిలబడింది. బిందె నిండి పొర్లుతుంటే నేనే వెళ్లి కట్టేశాను.

"ఇన్ని నెలలైంది. ఆ ఇంటికి ఓ జత బట్టలైనా పంపలేదు కదరా" అంది.

ఆదివారం అమ్మను తీసుకుని బట్టల కొట్టుకు వెళ్లాలి. రేపు పొద్దున్నే మినిట్స్ ఫెయిర్ చేసి చైర్‌పర్సన్ గారి సంతకానికి పెట్టాలి. దారిలో ట్యాంకు స్తంభం కూడా చూసుకోవాలి.