తలుపులు తెరిచే మంత్రం

నా ఫాంటసీ నవల 212వ పేజీ దగ్గర ఆగిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఒకపక్క రేవుపట్నంలో దొంగల ముఠాలు, ఇంకోపక్క కోటలో సింహాసనం కోసం రాణుల ఎత్తులు. దేనికది బాగానే నడుస్తోంది, రెండూ కలవడం లేదు. ముఠా నాయకుడు అసలు కోట జోలికి ఎందుకు వెళ్ళాలి? కిరీటం ఎత్తుకురావడానికి అని రాసుకున్నాను. అది నాకే నమ్మబుద్ధి కాలేదు.

మొదట చదివింది మా అక్క. "కథ బాగుందే, కానీ వీళ్ళు ఏం తింటారు? వర్షం వస్తే ఎక్కడ తలదాచుకుంటారు?" అని అడిగింది. అప్పుడు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. పట్నం నిండా పొగమంచు, కాలువలు, ముసుగులు. అన్నీ నేను ఇంగ్లీషులో చదివిన నవలల్లోంచి వచ్చినవే, పేర్లు మాత్రం తెలుగు. రెండేళ్ళ పని ఏమైపోతుందోనని చాలా టెన్షన్ పడ్డాను.

డిగ్రీలో తెలుగు చెప్పిన మాస్టారికి ఫోన్ చేస్తే, దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితం చదవమ్మా అన్నారు. అందులో అపహారవర్మ అనే రాకుమారుడు చంపానగరంలో దొంగగా మారి లోభుల ఇళ్ళు దోస్తాడు. వెంట తీసుకెళ్ళే సామానంతా పేరుపేరునా ఉంది. తాడు, కొలతదారం, కన్నంలోంచి ముందు లోపలికి పెట్టే మనిషి తల బొమ్మ, దీపాలు ఆర్పే పురుగుల పెట్టె. 13వ శతాబ్దంలోనే కేతన అనే కవి దీన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. ఇంతకాలంగా మన భాషలో ఉన్నదాన్ని తెలుసుకోకుండానే నవల మొదలుపెట్టినందుకు నిజంగా బాధేసింది.

తర్వాత మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకం చదివాను. కన్నం వేయడానికి వచ్చిన శర్విలకుడు కొలతదారం మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. కన్నం పద్మంలా ఉండాలా, నెలవంకలా ఉండాలా అని ఆలోచించి, కాల్చిన ఇటుక గోడకు పూర్ణకుంభమే అందమని తేల్చుకుంటాడు. ఆ శర్విలకుడే తర్వాత, చెరలో పడ్డ స్నేహితుడు ఆర్యకుణ్ణి విడిపించడానికి కొత్త పెళ్ళికూతుర్ని దారిలోనే వదిలి వెళతాడు. చివరికి ఆర్యకుణ్ణి చెరలో పెట్టిన పాలకుడు అనే రాజు చనిపోయి ఆర్యకుడు రాజవుతాడు. దొంగనూ సింహాసనాన్నీ కలిపింది స్నేహం. నా కిరీటం ఆలోచనను ఆ రాత్రే కొట్టేశాను.

కానీ దారి దొరికింది కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, నాలుగో అధికరణంలో, అంటే నాలుగో భాగంలో. దొంగతనాలకు అలవాటుపడ్డ కుర్రాళ్ళ దగ్గరికి గూఢచారులు సిద్ధుల వేషంలో వెళతారు. తలుపులు తెరిచే మంత్రం, కావలివాళ్ళను నిద్రపుచ్చే మంత్రం తమకు వచ్చని నమ్మిస్తారు. ముందే ఏర్పాటు చేసుకున్న ఊరికి తీసుకెళ్ళి చదివి చూపిస్తారు. తలుపు తెరుచుకుంటుంది, కావలివాళ్ళు పడుకుంటారు. అందరికీ ముందే చెప్పి ఉంచారు మరి. కుర్రాళ్ళకు నమ్మకం కుదిరాక, గుర్తులు పెట్టిన సొమ్మున్న ఇళ్ళలో వాళ్ళచేత దొంగతనం చేయించి పట్టుకుంటారు.

ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. ఎవరా కుర్రాళ్ళు? మంత్రం వచ్చిందని ఎంత సంబరపడి ఉంటారు? ఏర్పాటు లేని తలుపు ఒక్కటి నిజంగానే తెరుచుకుంటే?

నా నవల అక్కడ పుట్టింది. చిన్నరాణి మనిషి ఒక వేగులవాడు, జంగం దేవర వేషంలో ముఠా పిల్లలకు అబద్ధపు మంత్రం నేర్పుతాడు. అందులో పోలి అనే పదమూడేళ్ళ పిల్ల ఉంది. ఒక రాత్రి ఎవరూ గడియ తీసిపెట్టని కోట తలుపు ఆ పిల్లకు తెరుచుకుంటుంది. లోపల ఉన్నది బంగారం కాదు, చనిపోయాడని ఊరంతా నమ్మిన యువరాజు. ముఠా, కోట ఒకే గుమ్మం దగ్గర కలిశాయి.

పాత రాతలో 140 పేజీలు తీసేశాను. పొగమంచు పోయి ఉప్పుగాలి, ఎండుచేపల వాసన వచ్చాయి. భాషతో కూడా పెనుగులాడాను. రాణులు గ్రాంథికం, దొంగలు వాడుకభాష మాట్లాడేలా రాసి పైకి చదివితే, కోట మొత్తం నాటకం స్టేజీలా వినిపించింది. ఇప్పుడు అందరిదీ మామూలు తెలుగే. రాణి మాత్రం ఎవరినీ పేరుతో పిలవదు.

వేగులవాడు పోలిని మళ్ళీ కలిసే ఘట్టం ఆరుసార్లు రాశాను. ఒకసారి పట్టించాడు, ఒకసారి పారిపొమ్మన్నాడు, ఒకసారి కాళ్ళమీద పడ్డాడు. ఇరవై ఏళ్ళు అబద్ధం నేర్పి ఎంతోమంది పిల్లల్ని కొరత వేయించినవాడు అలా చేయడు. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏడోసారి రాశాను. చాలాసేపు ఆ తలుపు వంకే చూసి, పోలి ఎదురుగా నేలమీద కూర్చుంటాడు. "ఏం చదివావో ఇంకోసారి చదువమ్మా" అంటాడు. ఆ పిల్ల అతను నేర్పిందే, ఒక్క అక్షరం తేడా లేకుండా చదువుతుంది.